అయిపోతది అనని టైలరమ్మ

మా గోదావరిఖని టైలర్లందరికి ఒక్కటే మంత్రం: "అయిపోతది." మీటరు బట్ట తెచ్చి నిండు చేతుల డ్రెస్సు కుట్టుమన్నా అయిపోతది. పొద్దుగాల ఇచ్చి మాపటికి కావాలన్నా అయిపోతది. గిరాకి గడప దాటినంక తల పట్టుకోవాలె గని, గడప లోపల ఉన్నంతసేపు "సరిపోదు" అన్న మాట నోట్లకెళ్లి రావొద్దు. నాకు పని నేర్పిన ఉస్తాదు కత్తెర కంటె ముందు నా చేతిల పెట్టింది ఈ మాటనే. బట్ట తక్కువ పడ్డదా, చంక కింద అతుకు వెయ్యి. మనిషి చెయ్యి దించుకొని ఉన్నంతసేపు ఆ అతుకు దేవునికి సుత కనవడదు.

ఇంకో మంత్రం కూడ ఉన్నది. ఒళ్లు వచ్చిన మనిషికి ఒళ్లు వచ్చిందని చెప్పొద్దు. "బట్ట గుంజుకున్నదక్కా, ఈ నడుమ బట్టలు సక్కగ వస్తలెవ్వు" అనాలె. గట్ల చూస్తె మా బజార్ల ఇన్నేండ్లల్ల ఒక్క మనిషి కూడ లావు కాలె. అందరి బట్టలే సన్నవడ్డయి.

నేను ఎనిమిదో తరగతిల బడి బంద్ చేసిన. బడే నన్ను బంద్ చేసిందని మా అవ్వ అంటది. మా నాయిన బొగ్గుబాయిల పని చేసిండు. నన్ను బాయి దిక్కు ఆయన పోనియ్యలె, బడి దిక్కు నేను పోలె, నడుమల దొరికింది కత్తెర. ప్యాంట్లు, అంగీలు, బడి యూనిఫాములు నావి. జాకెట్లు, డ్రెస్సులు మా ఇంటామెవి. ఒక్కటే దుకాణం, ఎదురెదురుగ రెండు మిషన్లు. నా గిరాకి నా మాటలకు వస్తది. ఆమె గిరాకి ఆమె పనికి వస్తది. ఆమె తీసిన మెడ చూస్తె పుట్టంగనే ఆ మనిషికి గట్ల గీసిపెట్టిన్రేమో అనిపిస్తది. నేను ఎన్ని జోకులేసినా సరే, ఆ మెడ మీద మాత్రం ఇప్పటిదాక ఒక్కటి వెయ్యలె.

ఆమె పది దాక చదివింది. అన్నిట్ల పాసయి ఇంగ్లీషుల తప్పింది. నడుమల బడే వదిలేసినోనికి ఇంగ్లీషంటె ఫికర్ ఉండదు. నేను ఎవ్వలతోనైనా ధైర్యంగ మాట్లాడుత. ఒక్కదాంట్ల తప్పినోళ్లకే అది ముల్లు లెక్క గుచ్చుకుంటది. దుకాణంల ఎవలన్న ఇంగ్లీషు ముక్క అంటె చాలు, ఆమె తల దించుకొని సూదిల దారం ఎక్కిచ్చుకునేది. దారం అప్పటికే ఎక్కి ఉన్నా సరే.

గట్లుండంగ, జ్యోతినగర్ సంగతి ఒకటి తెలిసింది. అది కరెంటు ప్లాంటోళ్ల టౌన్‌షిప్పు. ఆడ షాపులల్ల చిన్న రూము ఒకటి ఖాళీ అయింది, దాన్ని లేడీస్ టైలరుకు ఇద్దామని అక్కడి ఆడోళ్ల క్లబ్బు అనుకుంటున్నదని మా గిరాకి ఒకామె వచ్చి చెప్పింది. ఆ టౌన్‌షిప్పుల సగం మంది బయటి రాష్ట్రాలోళ్లు. కేరళోళ్లు, తమిళోళ్లు. తెలుగు రాదు, హిందీ మా అంత కూడ రాదు, ఏదున్నా ఇంగ్లీషులనే. రూము ఎవలికియ్యాల్నో చూసేది క్లబ్బు సెక్రటరీ, ఒక కేరళ మేడమ్. ఆమె ముందుగాల ఒక జాకెట్టు కుట్టిచ్చుకొని, పని చూసి, మాట చూసి అప్పుడు చెప్తనన్నదట.

ఆ మాపు అన్నాలు తినుకుంట ఇంటామె, "ఆ రూము నాకు కావాలె" అన్నది.

నేను ముద్ద నోట్ల పెట్టుకోబోయి ఆగిన. పెండ్లయిన కాడికెళ్లి ఆమె నోట "నాకు కావాలె" అన్న మాట వినుడు అదే మొదలు. ఆమె మిషను కొనేటప్పుడు సుత "మనకు కావాలె" అన్నది.

"నేనున్న కదనే, నేనొచ్చి మాట్లాడుత. నాకు ఇంగ్లీషొస్తది."

"నీ ఇంగ్లీషు చూసినం తియ్యి. 'టూ బ్యూటిఫుల్ మేడమ్, టూ నైస్ మేడమ్.' గంతేనాయె."

"గది సాలదా?"

"సాలదు. నేనే నేర్చుకుంట. నేనే చెప్త."

మా గల్లీ చివర రిటైరైన టీచరమ్మ ఉంటది. చర్చికి పోయే కుటుంబం, వాళ్ల తాతల నాటికెళ్లి బాయి కొలువే. ఆమె మాత్రం ఇంగ్లీషు చెప్పి చెప్పి పింఛను తీసుకున్నది. తెల్ల చీరలు కడుతది, గట్టిగ మాట్లాడదు, అయినా గల్లీల ఎంత మోతుబరైనా ఆమె కనవడంగనే లుంగీ కిందికి దించుకుంటడు. ఆమె జాకెట్లు కుట్టేది మా ఇంటామెనే. ఇంటామె పోయి అడిగితె, చదువు దుకాణంలనే అయితదన్నది. మిషను ముందల కూసున్నోళ్లకు నల్లబల్ల ముందల బుర్ర పని చెయ్యదట.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టుల బొగ్గు కోసం బ్లాస్టింగు అయి మా దుకాణం షెటరు గడగడ ఊగుతది. అది ఆగినంక టీచరమ్మ వచ్చేది. మొదటి రోజు స్టూలు మీద కూసోని దుకాణమంత ఒక్కపారి కలియజూసింది.

"నీకు ఇంగ్లీషంత ఎందుకు బిడ్డా? టైలరుకు కావాల్సినయి రెండు సంగతులు. ఎక్కువైంది, సరిపోయింది. ఈ రెండు తప్పు లేకుంట చెప్పగలిగితె మిగతాది నీ టేపు చెప్తది."

నేనైతె ఆ మాటకే పడిపోయిన. ఎనిమిదేండ్లు బడికి పోతె నాకు ఇంగ్లీషుల ఏం కావాల్నో ఒక్కలు చెప్పలె. ఈమె స్టూలు మీద కూసున్నంతల కనిపెట్టింది.

నేను హోటలుకెళ్లి టీ తెప్పిచ్చిన. టీచరమ్మ ఒక గుక్క తాగి, "వెరీ హాట్" అన్నది. "ఇది వేడిగున్నది, గని తాగుతున్న. నాలిక కాలి కింద పెట్టాల్సి వస్తె అప్పుడు టూ హాట్. వెరీ అంటె బాగ ఎక్కువ. టూ అంటె పని చెడేంత ఎక్కువ. టూ అన్నవంటె దాని వెనక ఒక ఫిర్యాదు ఉండాలె."

"అయితె టీచరమ్మా, నేను ఇన్నొద్దులు గిరాకోళ్లను టూ బ్యూటిఫుల్ అన్నది?"

"ఫిర్యాదు చేసినవన్నట్టు."

"ఒక్కలు సుత కొట్టలె గదా!"

"మన దగ్గర అందరు గట్లనే అంటరు నాయనా. అందుకే బతికినవ్."

"మరి టూ గుడ్?"

"ఓర్వలేనంత మంచి. నీ అసొంటోని గురించి చెప్పాల్సి వస్తె పనికొస్తది."

ఇంటామె మిషను మీద తల వాల్చి నవ్వింది. ఇంగ్లీషు మాట విని ఆమె నవ్వుడు నేను అప్పుడే చూసిన.

మరునాడు ఎనఫ్ మొదలైంది. ఎనఫ్ అంటె పనికి సరిపడ. టూ ఎప్పుడైనా ముందట నడుస్తది: టూ లాంగ్, టూ టైట్. ఎనఫ్ ఏమో గుణం చెప్పే మాట వెనక నడుస్తది: లాంగ్ ఎనఫ్, వైడ్ ఎనఫ్. అదే వస్తువు పేరొచ్చిందంటె ఎగవడి ముందటికొస్తది: ఎనఫ్ క్లాత్, ఎనఫ్ టైమ్.

"ఇదేం న్యాయం టీచరమ్మా? అచ్చం నా తమ్ముని లెక్కనే ఉన్నది. పనికి పిలిస్తె అందరి వెనక, దావత్‌కు పిలిస్తె అందరి ముందల."

టీచరమ్మ నవ్వకుంట, "గట్లనే గుర్తు పెట్టుకో బిడ్డా" అని ఇంటామెతోని అన్నది. నా జోకును పాఠంల కలుపుకున్నది. నాకు ఇజ్జత్ పెరిగినట్టయింది. నేను సుత రోజు కాజాలు కుట్టుకుంట చెవి ఇటే పెట్టేటోన్ని.

కొలిచేటిదైతె టూ మచ్, ఎంచేటివైతె టూ మెనీ. బట్ట టూ మచ్, గుండీలు టూ మెనీ.

"మరి మొగడు? టూ మచ్ అనాల్నా టూ మెనీ అనాల్నా?" అని అడిగిన.

టీచరమ్మ నోరు తెరువక ముందే ఇంటామె, "ఒక్కడే టూ మచ్" అన్నది.

"టూ మచ్ ఎనఫ్ అనొచ్చా?"

"అనొద్దు" అన్నది టీచరమ్మ. "గిన్నె నిండిందా, పొంగిపోయిందా? ఏదో ఒక్కటి చెప్పు."

ఇంటామె ఆ రెండు మాటలు పట్టుకొని ఇంటినంత కొలిచింది. చేతికందిన ప్రతిదాన్ని ఎక్కువనో సరిపోయిందనో నోటితోని చెప్పాలె. తలుపు గడియ టూ టైట్. బకెట్ల నీళ్లు ఎనఫ్. కూరగాయల మార్కెట్ల బెండకాయ ఇరిచి చూసి "టూ ఓల్డ్" అంటె, అమ్మే అవ్వ "ఏందమ్మా తిడుతున్నవ్?" అన్నది. కూరల ఉప్పెక్కువైందని నేను "టూ మచ్ సాల్ట్" అంటె, "నాట్ ఎనఫ్ ఆకలి" అన్నది. తప్పయితె ఆగేది, మళ్ల మొదటికెళ్లి చెప్పేది. కుట్టు తప్పితె విప్పి కుట్టే మనిషి కదా, మాటను సుత గట్లనే విప్పి కుట్టేది. నాకైతె తప్పు వచ్చినా వెనకకు చూసే అలవాటు లేదు. ఆమెను చూసుకుంట కూసునేటోన్ని.

ఆ గిరాకామెతోని కబురు పంపితె, కేరళ మేడమ్ ఒకనాడు కారుల వచ్చింది. దుకాణం ముందల ఆమె దిగేలోపల ఇంటామె బల్ల మీది బొగ్గుదుమ్ము దులిపి, తెల్ల దుప్పటి పరిచి, నా దిక్కు తిరిగింది.

"నువ్వు నోరు మూసుకొని కాజాలు కుట్టు."

"నాకు నోరున్నదని ఆమెకు ఎట్ల తెలుస్తదే మరి?"

"తెల్వకుంటెనే మంచిది."

మేడమ్ బ్యాగులకెళ్లి ఒక బట్ట తీసింది. పాలరంగు, ఒక పక్క బంగారు అంచు. మా ఖనిల అసొంటి తెల్లదనం చూసి నా చేతులు నేను వెనక పెట్టుకున్న. మేడమ్ తన ఫోనుల బొమ్మ చూపెట్టింది: మోచేతుల కింది దాక చేతులు, రెండు చేతులకు అంచు రావాలె, వీపు నిండుగ ఉండాలె. ఇంగ్లీషు నిమ్మలంగనే మాట్లాడింది, మంచి మనిషి.

ఇంటామె బట్ట పరిచింది. చేతి కొలతకు కోసిపెట్టుకున్న కాయితం దాని మీద ఒక దిక్కు పెట్టింది. తిప్పి పెట్టింది. అడ్డం పెట్టింది. ఎట్ల పెట్టినా నాలుగు వేళ్ల మందం కాయితం బట్ట బయటికే వస్తున్నది. నాకు దూరంకెళ్లే కనవడుతున్నది.

"ఈజ్ ఇట్ ఎనఫ్?" అని మేడమ్ అడిగింది.

ఇన్నేండ్లు అన్న మాట నాలిక మీదికి దానంతటదే ఉరికొచ్చింది.

"ఎనఫ్ మేడమ్! టూ మచ్ ఎనఫ్! అయిపోతది!"

మేడమ్ నా దిక్కు చూసి నవ్వింది. రూము చెయ్యందేంత దూరంల కనవడ్డది నాకు. ఒక చిన్న అతుకుతోని అయిపోయే పని అది. ఇంటామె మాత్రం నా దిక్కు చూడలె. కాయితం మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క మాట కూడవెట్టుకొని చెప్పింది.

"నో మేడమ్. నాట్ ఎనఫ్ క్లాత్. ఫర్ లాంగ్ స్లీవ్స్, నాట్ ఎనఫ్. ఫర్ షార్ట్ స్లీవ్స్, ఎనఫ్."

మేడమ్ నవ్వు ఆగింది. నా దిక్కు వేలు చూపెట్టి, ఆయన సరిపోతదంటున్నడు కదా అన్నది.

"మై హస్బెండ్ ఈజ్ టూ గుడ్ మేడమ్" అన్నది ఇంటామె.

మేడమ్ ఫక్కుమని నవ్వింది. నాకు టీచరమ్మ చెప్పిన అర్థం యాదికొచ్చి సూది గుచ్చుకున్నది. ఆ మాట అంత మంచిగ, అంత సరిగ్గ మీదవడ్డాక కోపానికి రానీకి సుత జాగ లేదు.

గని నవ్వు నవ్వే, పని పనే. మేడమ్ మళ్ల బట్ట దిక్కు చూసింది. వేరే టైలర్లు ఇంతే బట్టల పొడుగు చేతులు కుట్టిచ్చిన్రు కదా అని అడిగింది. ఇంటామె తన జాకెట్టు చంక కాడ వేలు పెట్టి, ఆడ అతుకు వేస్తరని సైగ చేసి చూపెట్టింది. చెయ్యి కిందికుంటె కనవడదు, పైకెత్తితె కనవడతది అన్నది. సగం ఇంగ్లీషు, సగం టేపు. మేడమ్ తను తొడుక్కున్న జాకెట్టు చెయ్యెత్తి చూసుకున్నది. అతుకున్నది. ఆమెకు అప్పటిదాక తెల్వదు.

మేడమ్ తెల్లబట్ట మడిచి బ్యాగుల పెట్టుకున్నది. ఆలోచించుకొని చెప్తనని, కారెక్కి పోయింది.

కారు మలుపు తిరగంగనే నేను అందుకున్న. "పాయె! రూము పాయె! ఒక్క అతుకు వేస్తె ఏమైతుండె? ఊరంత వేస్తలేదా?"

"ఊరు వేసుకోనియ్యి."

"ఆమెకేం తెలుస్తుండె?"

"నాకు తెలుస్తుండె గదా." తెల్ల దుప్పటి మడుచుకుంట అన్నది. "సరిపోదు అని చెప్పేటందుకే నేను గన్ని రోజులు నేర్చుకున్న. సరిపోతది అని అబద్ధం చెప్పాల్నంటె నీ ఇంగ్లీషు ఉండనే ఉన్నది."

నేను మిషను తొక్కిన. చాలసేపటి దాక ఆమె తొక్కలె.

టీచరమ్మకు సంగతి చెప్తె, ఆమె ముందుగాల వాక్యం అడిగింది. ఇంటామె మళ్ల చెప్పింది. "తప్పు లేదు" అన్నది టీచరమ్మ. ఇంటామె భుజం మీద చెయ్యి వేసింది. పోయేటప్పుడు నాతోని, "దాన్ని పాయె పాయె అని విసిగియ్యకు" అని మెల్లగ అన్నది. ఆ వారం నేను జోకులు తగ్గించుకున్న. గిరాకోళ్లు నాకు పానం బాగలేదేమో అనుకున్నరు.

మేడమ్ వారం కాకముందే వచ్చింది. ఈసారి పొట్టి చేతులే కుట్టుమన్నది. కొలతకని పాత జాకెట్టు ఒకటి ఇచ్చింది. ఇంటామె దాని కుట్లు చూసి, మేడమ్‌కు టేపు పెట్టి కొలిచి, రెండు కొలతలు పక్కపక్కన చూసింది. ఆమె నోరు తెరుస్తుంటె నాకు సంగతి అర్థమైంది. ఒళ్లు వచ్చిన మనిషికి ఒళ్లు వచ్చిందని చెప్పబోతున్నది! మా బజారు రెండో మంత్రం! నేను కండ్లు మూసుకున్న.

"దిస్ ఈజ్ టూ టైట్ ఫర్ యు, మేడమ్. ఐ విల్ మేక్ ఇట్ లూజ్ ఎనఫ్."

మేడమ్ ఏమన్నదో నాకు ముక్కలు ముక్కలుగ అర్థమైంది. రెండేండ్ల సంది అన్ని టైలరు దుకాణాలల్ల బట్ట గుంజుకున్నదనే చెప్తున్నరట. గుంజుకునే బట్టలు తన ఒక్కదానికే ఎట్ల దొరుకుతున్నయో అని అనుమానంగనే ఉండెనట. చెప్పుకుంట నవ్వింది, ఇంటామె నవ్వింది. నేను కండ్లు తెరిచిన.

ఆ జాకెట్టు వేసుకొని మేడమ్ మళ్ల వచ్చినప్పుడు ఆ మెడ చూసిన. పాలరంగు బట్టకు బంగారు అంచు గీత, ఎక్కడ కూడ వంకర లేదు. చెయ్యి పైకెత్తి కిందికి దించి అద్దంల చూసుకున్నది. బ్యాగు తెరిచి రూము తాళంచెవి బల్ల మీద పెట్టింది.

రూము చూడనీకి ఇంటామె, నేను పోయినం, మేడమ్ ఆడికి వచ్చింది. ఆటోల పోయేటప్పుడే నేను లెక్కలేసిన. ఆమె మిషను కిటికీ కాడ, నా మిషను తలుపు కాడ. బోర్డు మీద ఇద్దరి బొమ్మలు. టౌన్‌షిప్పు ఇంజనీర్ల ప్యాంట్లన్ని నావే. అట్ల చూసుకుంట షెటరు లేపితె, రూము అగ్గిపెట్టెంత ఉన్నది. అయినా సరే, నా మనసుల నేను మిషను అటు జరిపి ఇటు జరిపి ఎట్లనో ఇరికిస్తున్న.

ఇంటామె టేపు తీసి గోడకెళ్లి గోడకు పట్టింది. కిటికీ కాడ నిలవడి చెయ్యి చాపి చూసింది. బట్టలు మార్చుకునేటందుకు పరదా ఎక్కడ కట్టాల్నో మూలకు పోయి చూసింది. మీరిద్దరు ఈడనే కుడుతరా అని మేడమ్ అడిగింది. ఇద్దరు నా దిక్కే చూసిన్రు. నేను ఈసారి నా అంతట నేనే నోరు మూసుకున్న.

"నో మేడమ్" అన్నది ఇంటామె. "ది రూమ్ ఈజ్ టూ స్మాల్ ఫర్ బోత్ ఆఫ్ అస్. బట్ ఇట్ ఈజ్ బిగ్ ఎనఫ్ ఫర్ మి."

ఎక్కడ తడబడలె. ఒక్క మాట విప్పి కుట్టలె. టీచరమ్మ ఉంటె బాగుండనిపించింది. తెల్లారి పోయి చెప్పిన, వాక్యం ఎక్కడ తప్పకుంట అప్పజెప్పిన. ఆమె అద్దాలు తీసి తుడుచుకున్నది.

ఇప్పుడు రోజు పొద్దుగాల ఆమెను బండి మీద జ్యోతినగర్‌ల దించి నేను ఖనికి వస్త. మా దుకాణంల ఆమె మిషను జాగ ఖాళీగనే ఉన్నది, కత్తిరించిన బట్టలు పెట్టుకుంటున్న. మొన్న సాయంత్రం తీసుకరానీకి పోతె, ఆమె రూము ముందల నలుగురు ఆడోళ్లు నిలవడ్డరు. లోపల ఎవలితోనో మాట్లాడుతున్నది, పరదా ఇవతలికి టేపు చివర ఊగుతున్నది. నేను బండి స్టాండేసి దాని మీదనే కూసున్న. లోపటికెళ్లి "వన్ మినిట్" అని వినవడ్డది. నాకా, గిరాకికా అర్థం కాలె. కూసున్న.